వాన తోట అడుగున కంకర పొర: తవ్వకం నుంచి తొలి వాన దాకా

వాన తోట అంటే డాబా నీటిని నేలలోకి ఇంకించేందుకు మొక్కలు నాటిన పల్లం. అందులో కంటికి ఆనేవి మొక్కలు, మట్టి, అంచున పేర్చిన రాళ్లు. డాబా మీద నుంచి గొట్టం గుండా దిగిన నీటిని కొన్ని గంటల పాటు కడుపులో దాచుకుని నేలకు నెమ్మదిగా అప్పగించేది మాత్రం వాటన్నిటి కింద ఉండే కంకర పొర. ఒకసారి పూడ్చిన తరువాత దానిని ఎవరూ చూడరు. మొక్క చస్తే మరొకటి నాటవచ్చు, పై మట్టి గట్టిపడితే గుల్ల చేయవచ్చు, కానీ కంకర పూడుకుపోతే మొత్తం తవ్వి బయట పోయడం తప్ప దారి లేదు. అందుచేత ఈ వ్యాసంలో తోట గురించి తక్కువగా, కంకర గురించి ఎక్కువగా చెబుతున్నాను.

ఇంకుడు గుంత మనకు కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ‘నీరు-మీరు’ కార్యక్రమం మొదలైన నాటి నుంచి ఆ మాట ఇంటింటికీ పరిచయమే. వాన తోట దానికి దగ్గరి చుట్టం. ఇంకుడు గుంతలో నీరు బురదతో సహా నేరుగా రాళ్లలోకి దిగుతుంది. వాన తోటలో మొక్కల వేళ్లు అల్లుకున్న మట్టి పొర ముందుగా దానిని వడకడుతుంది. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో 1990ల తొలినాళ్లలో ఈ పద్ధతి ఒక రూపానికి వచ్చింది. మన దగ్గర దానిని అనుసరించేటప్పుడు మొక్కలు, మట్టి మారుతాయి గానీ కంకర సూత్రాలు మారవు.

రాళ్లు కాదు, రాళ్ల మధ్య ఖాళీ

కంకర పొర వేయడమంటే నిజానికి నేల కింద ఖాళీని నిలబెట్టడమే. శుభ్రంగా ఉన్న ఒకే సైజు కంకరను పరిస్తే, అది ఆక్రమించిన చోటులో సుమారు 40 శాతం ఖాళీగా ఉంటుంది. ఒక ఘనపు మీటరు కంకరలో 400 లీటర్ల నీరు నిలుస్తుందన్నమాట. పెద్ద రాళ్లు వేస్తే ఎక్కువ నీరు పడుతుందని చాలామంది మేస్త్రీలు నమ్ముతారు. గంపలో బత్తాయిలు పోసినా, నిమ్మకాయలు పోసినా, మధ్యనుండే ఖాళీల మొత్తం దాదాపు ఒకటే. బత్తాయిల సందుల్లోకి నిమ్మకాయలు, వాటి సందుల్లోకి ఉసిరికాయలు దూరినప్పుడే ఆ ఖాళీ తరిగిపోతుంది. కంకర విషయంలో ఆ ఉసిరికాయల పని చేసేవి సన్న చిప్స్ (చిన్న కంకర ముక్కలు), రాతి పొడి, మట్టి. కాబట్టి రాయి ఎంత పెద్దదన్నది కాక, ఎంత సమానంగా, ఎంత శుభ్రంగా ఉందన్నదే చూసుకోవాలి.

లెక్కకు హైదరాబాదులో 300 గజాల స్థలంలో కట్టిన ఒక ఇంటిని తీసుకుందాం. డాబా వెయ్యి చదరపు అడుగులు, అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు నీరు చేరుతుంది గనుక, 30 మి.మీ. వానకు 2,790 లీటర్లు చేరుతాయి. డాబా తడవడానికి, చిందడానికి పదిహేను శాతం మినహాయిస్తే గొట్టం గుండా దిగేది సుమారు 2,370 లీటర్లు. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల వాన తోటలో ఈ నీరు మూడు చోట్ల సర్దుకుంటుంది. మట్టి పైన 15 సెం.మీ. లోతున వదిలిన పల్లంలో, అంచులు వాలుగా ఉంటాయి కాబట్టి, 750 లీటర్లు నిలుస్తాయి. 45 సెం.మీ. మట్టి పొరలో ఐదో వంతు ఖాళీ చొప్పున 540 లీటర్లు, 45 సెం.మీ. కంకర పొరలో 1,080 లీటర్లు పడతాయి. మొత్తం కూడితే 2,370 లీటర్లు వస్తుంది. కంకర మీద వేసే సన్న చిప్స్ పొరలో పట్టే నీటిని నేను లెక్కలోకి తీసుకోలేదు. అది కొలతల్లో వచ్చే చిన్న తేడాలకు సరిపోతుంది.

పైన ఆకుల కప్పుకు 5 సెం.మీ., చిప్స్ పొరకు 10 సెం.మీ. కలుపుకుంటే తవ్వవలసిన లోతు 120 సెం.మీ., అంటే నాలుగు అడుగులు. ఇదే తోట ప్రతి వానను మింగుతుందని భావించకూడదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల మధ్య బేగంపేటలో ఇరవై నాలుగు గంటల్లో సుమారు 19 సెం.మీ. వాన పడింది, అటువంటి రోజున ఈ డాబా నుంచి పదిహేను వేల లీటర్లకు పైగా నీరు దిగుతుంది. కనుక మిగులు నీరు పొర్లి పోయే దారి లేకుండా వాన తోట కట్టకూడదు.

చోటు, నేల పరీక్ష

ఇంటి పునాదికి కనీసం మూడు మీటర్ల దూరం ఉండాలి. సెప్టిక్ ట్యాంకు పక్కన, నేల కింది సంపు పక్కన తవ్వకూడదు. వానాకాలంలో భూగర్భ జలం ఎంత పైకి వస్తుందో ఇరుగుపొరుగు బావులను బట్టి తెలుసుకుని, ఆ మట్టానికి గుంత అడుగు కనీసం 60 సెం.మీ. పైన ఉండేటట్లు చూసుకోవాలి. డెల్టా ప్రాంతాల్లో చాలా చోట్ల ఈ ఒక్క నియమం వల్లనే లోతైన కంకర పొర కుదరదు. అక్కడ వెడల్పు పెంచి లోతు తగ్గించాలి.

తరువాత నేల నీటిని ఎంత వేగంగా తాగుతుందో చూడాలి. అనుకున్న లోతు దాకా ఒక మూల తవ్వి, ఆ అడుగున ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు లోతు గల చిన్న గుంత తీయాలి. దానిని ముందు రోజు సాయంత్రం నీటితో నింపి వదిలేయాలి. ఎండిన నేల మొదట ఆత్రంగా తాగుతుంది కాబట్టి ఆ తొలి వేగాన్ని నమ్మకూడదు. మర్నాడు ఉదయం 15 సెం.మీ. లోతు నీరు పోసి, ఒక కర్ర మీద గీతలు పెట్టుకుని, అరగంటకొకసారి మట్టం ఎంత దిగిందో రాసుకోవాలి. చిన్న గుంతలో నీరు పక్కలకు కూడా పోతుంది గనుక, వచ్చిన అంకెను సగం చేసి వాడుకోవడం క్షేమం. ఆ సగం గంటకు 12 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఉంటే నేల మీదనే ఆధారపడవచ్చు. మన ఉదాహరణలోని తోట నిండుగా ఉన్నప్పుడు అందులోని నీరు చదరపు మీటరుకు 395 లీటర్లు, అంటే 395 మి.మీ. లోతుతో సమానం, గంటకు 12 మి.మీ. చొప్పున దిగితే 33 గంటల్లో ఖాళీ అవుతుంది. నలభై ఎనిమిది గంటలు దాటితే వేళ్లు కుళ్లే ప్రమాదం మొదలవుతుంది, మరో నాలుగు రోజులు నిలిస్తే దోమలకు అనువవుతుంది.

హైదరాబాదు చుట్టుపక్కల ఎర్ర చెలక కింద మొరం తగిలితే అదృష్టమే. అది నీటిని బాగా తాగుతుంది. పలక రాయి తగిలితే అక్కడ ఆపి, వేరే చోటు వెతుక్కోవడం మంచిది. నల్లరేగడి నేలలో గంటకు రెండు మూడు మి.మీ. కూడా దిగకపోవచ్చు, పైగా తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు బీటలు వారుతుంది. అక్కడ కంకర పొరలో చిల్లుల గొట్టం తప్పనిసరి, పునాదికి దూరం ఇంకా పెంచాలి.

కంకర కొనడం

మన ఉదాహరణకు కావలసిన ప్రధాన కంకర 2.7 ఘనపు మీటర్లు, అంటే 95 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు). క్రషర్ వాళ్లు, ట్రాక్టర్ల వాళ్లు లెక్కించే యూనిట్ 100 సీఎఫ్‌టీ కాబట్టి ఒక యూనిట్ చెబితే సరిపోతుంది; బరువులో అది నాలుగు టన్నుల పైచిలుకు. 6 ఎంఎం చిప్స్ 0.6 ఘనపు మీటరు, సుమారు 21 సీఎఫ్‌టీ కావాలి.

చెప్పేటప్పుడు ‘20 ఎంఎం మెటల్’ అని ఊరుకోకూడదు. కాంక్రీటుకు వాడే 20 ఎంఎంలో 12 ఎంఎం, 10 ఎంఎం ముక్కలు కలిసి ఉంటే మంచిదే, ఎందుకంటే అక్కడ ఖాళీలు తక్కువగా ఉండాలని కోరుకుంటారు. మనం కోరుకునేది దానికి సరిగ్గా తలకిందులు. అందువల్ల ‘సింగిల్ సైజు 20 ఎంఎం, డస్ట్ లేకుండా’ అని స్పష్టంగా చెప్పాలి. భారత ప్రమాణం ఐఎస్ 383 కూడా సింగిల్ సైజు కంకరను, రకరకాల సైజులు కలిసిన కంకరను వేరువేరుగానే చూపుతుంది; 75 మైక్రాన్ల కంటే సన్నటి పొడి ముతక కంకరలో బరువు ప్రకారం ఒక శాతానికి మించకూడదని చెబుతుంది. రోడ్ల పనికి వాడే జీఎస్‌బీ, వెట్ మిక్స్ చవకగా వస్తున్నాయని ఒప్పుకోకూడదు. అవి బిగిసి కూర్చునేందుకే పొడితో సహా తయారు చేసినవి.

పాత ఇటుక ముక్కలు, కూల్చిన గోడల శిథిలాలు కూడా పనికిరావు. ఇటుక తడిలో నానుతూ పొడి అవుతుంది. సిమెంటు అంటిన ముక్కలు నీటిలో క్షారాన్ని వదులుతాయి, మొక్కల వేళ్లకు అది పడదు. ఉన్న చెత్తనంతా ఇంకుడు గుంతలో పోసి పైన రెండు తట్టల మెటల్ చల్లడం మన ఊళ్లలో అలవాటైపోయింది. ఆ గుంతలు రెండో వానాకాలానికే కుంటలుగా మారడంలో ఆశ్చర్యమేమీ లేదు. చుట్టుపక్కల క్రషర్లలో దొరికే గ్రానైటు కంకర మాత్రం ఈ పనికి నిక్షేపంగా సరిపోతుంది. ఏటి గులకరాళ్ల కోసం వెతకవలసిన అవసరం లేదు.

అడుగున 40 ఎంఎం వేయాలా అని అడుగుతుంటారు. వేయవచ్చు గానీ దానివల్ల నీటి నిల్వ పెరగదు. వేస్తే, దాని మీద 20 ఎంఎం పొర పది సెం.మీ. తప్పక పరచాలి. నా మటుకు నేను మొత్తం 20 ఎంఎంతోనే పని ముగిస్తాను. ఒక పొర తగ్గితే ఒక పొరపాటు తగ్గుతుంది.

లోడు దింపక ముందు రెండు పరీక్షలు

ట్రాక్టరు వచ్చాక తొట్టి ఎత్తనీయకుండా, పై నుంచి కాక మధ్య నుంచి ఒక 20 లీటర్ల పెయింటు బకెట్ నిండా కంకర తీయించాలి. ఆ బకెట్‌లోకి లీటరు మగ్గుతో కొలుస్తూ, కంకర పైమట్టం దాకా నీరు పోయాలి. ఎనిమిది లీటర్లు పడితే 40 శాతం ఖాళీ ఉన్నట్లు. ఆరున్నర లీటర్లే పడితే సైజులు కలిసిపోయాయని అర్థం. ఆ లోడు వెనక్కి పంపడమో, అంత మేరకు పొర లోతు పెంచడమో చేయాలి. 

రెండోది పొడి పరీక్ష. పారదర్శకంగా ఉన్న సీసాలో మూడో వంతు కంకర వేసి, నీరు నింపి, మూత బిగించి గట్టిగా కుదిపి పక్కన పెట్టాలి. నీరు లేత పాల రంగులో ఉంటే కొద్దిపాటి కడుగుడు చాలు. అరగంట తరువాత అడుగున వేలి మందం బూడిదరంగు బురద పేరుకుంటే ఆ కంకరను బాగా కడగక తప్పదు. క్రషర్ నుంచి నేరుగా వచ్చిన కంకర ఈ పరీక్షలో నెగ్గడం అరుదు.

నేను మొదటిసారి వాన తోట వేయించినప్పుడు ఈ కడుగుడు పని దండగ అనుకున్నాను. వాననీరే కడుగుతుంది కదా అని మేస్త్రీ అన్న మాట నాకు కూడా సబబుగానే తోచింది. వాననీరు నిజంగానే కడిగింది; కడిగిన పొడినంతా తీసుకుపోయి గుంత అడుగున, నేలకూ కంకరకూ మధ్య, గోడకు లప్పం పెట్టినట్లు పరిచింది. మరుసటి ఏడాది తవ్వి చూస్తే కింద మొరం పొడిగానే ఉంది, పైన కంకరలో నీరు నిలిచే ఉంది.

కడగడానికి, మేస్త్రీలు ఇసుక జల్లించేందుకు ఏటవాలుగా నిలబెట్టే ఇనుప జల్లెడ బాగా పనికొస్తుంది. దాని మీదికి పారతో కంకర విసురుతూ మరొకరు పైపుతో నీరు కొడితే పొడి, చిన్న ముక్కలు కిందికి రాలిపోతాయి, కంకర జారి ముందుకు పడుతుంది. ఆ కడిగిన నీరు గుంతలోకి గానీ, వీధి మోరీలోకి గానీ పోకూడదు. పక్కన చిన్న మడి కట్టి అందులో తేరనివ్వాలి. కంకరను మట్టి మీద కాకుండా టార్పాలిన్ పట్టా మీదనే దింపించాలి. కడిగిన తరువాత కూడా మట్టి మీద పోస్తే చివరి రెండు తట్టలు మళ్లీ మట్టితోనే గుంతలోకి చేరతాయి.

తవ్వకం

ఈ పనికి అనువైన కాలం మార్చి నుంచి మే వరకు. రోహిణి కార్తెలో ఎండలు మండుతున్నప్పుడు కూలీలకు కష్టమే గానీ, మృగశిర కార్తె ప్రవేశించేలోపు కంకర మీద మట్టి పడిపోవాలి. తెరిచి ఉంచిన గుంతలో ఒక పెద్ద వాన పడితే అంచుల మట్టి కరిగి అడుగున బురదగా పేరుకుంటుంది. అప్పుడు ఆ బురదను పూర్తిగా ఎత్తిపోసి మళ్లీ గీకవలసి వస్తుంది.

ఇంత చిన్న గుంతను మనుషులే తవ్వడం మంచిది. జేసీబీ పెట్టినా అది గుంత బయటే నిలబడి తవ్వాలి, దాని చక్రం అడుగును తొక్కకూడదు. తడి నేలలో బకెట్ అంచు రాసుకుపోయిన చోట నేల నున్నగా, అద్దంలా మెరుస్తూ కనిపిస్తుంది; అటువంటి నేల గుండా నీరు దిగదు. కాబట్టి కావలసిన లోతు వచ్చాక అడుగునంతా గడ్డపారతో పది పదిహేను సెం.మీ. లోతు దాకా పొడిచి గుల్ల చేయాలి. పక్క గోడలను కూడా పార కొనతో గీకాలి. ఆ తరువాత అడుగున ఎవరూ నడవకుండా, ఒక చివర నుంచి వెనక్కి జరుగుతూ పని చేయాలి. ఇక్కడ దిమ్మిస కొట్టడం, నీళ్లు చల్లి అణచడం కూడదు. పునాది గుంతలకు అలవాటుపడిన కూలీలు చెప్పకుండానే దిమ్మిస అందుకుంటారు. మొదటి రోజే దానిని అక్కడి నుంచి తీసివేయించడం ఉత్తమం. అడుగు మాత్రం రసమట్టంతో సరిచూసి సమతలంగా ఉంచాలి, లేకపోతే నీరంతా ఒక మూలకే చేరి, మిగిలిన నేల పని లేకుండా ఉంటుంది.

నాలుగు అడుగుల లోతులో వదులు మట్టి విరిగి పడే ప్రమాదం ఉంది. తవ్విన మట్టిని అంచుకు కనీసం ఒక మీటరు దూరంలో పోయాలి, రాత్రిళ్లు గుంత మీద పలకలు కప్పాలి. కరెంటు కేబులు, కుళాయి పైపు ఎటు పోతున్నాయో తవ్వకానికి ముందే తెలుసుకోవాలి.

గుడ్డ ఎక్కడ, ఎక్కడ కాదు

ఈ పనిలో అందరూ తడబడేది జియోటెక్స్‌టైల్ గుడ్డ దగ్గర, అంటే నీటిని వదిలి మట్టిని ఆపే సింథటిక్ గుడ్డ దగ్గర. పక్క గోడల మట్టి కంకరలోకి రాలకుండా నాన్‌వోవెన్ (నేయని) రకం గుడ్డను నాలుగు పక్కలా నిలువుగా వేలాడదీయాలి. అతుకు దగ్గర ఒక ముక్క మీదికి మరొకటి 30 సెం.మీ. ఎక్కాలి. అడుగున దానిని పరచకూడదు, కంకరకూ పై మట్టికీ మధ్య అసలే పరచకూడదు. మట్టి నుంచి దిగే సన్నటి రేణువులన్నీ ఆ గుడ్డ మీద పేరుకుని, కొన్నాళ్లకు దానిని రెగ్జిన్‌లా మారుస్తాయి. టీ వడపోసే గుడ్డను ఉతకకుండా నెల రోజులు వాడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది, పైగా దీనిని ఉతకడం కుదరదు. నీడ కోసం కట్టే ఆకుపచ్చ నెట్‌ను, సిమెంటు సంచులను ఈ గుడ్డకు బదులుగా వాడకూడదు.

మధ్యలో గుడ్డ లేకపోతే మట్టి కంకరలోకి జారిపోదా అన్న సందేహం సహజమే. దానికి జవాబు రాళ్ల సైజులోనే ఉంది. మట్టి బలాబలాలను లెక్కగట్టే శాస్త్రానికి (సాయిల్ మెకానిక్స్) పునాది వేసిన కార్ల్ టెర్జాగీ వడపోత పొరల కోసం ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. పై పొరలోని ముతక రేణువుల సైజు కంటే కింది పొరలోని సన్న రాళ్ల సైజు నాలుగైదు రెట్లకు మించకుండా ఉంటే, పై రేణువులు కింది సందుల నోళ్ల దగ్గర ఒకదానినొకటి ఒరుసుకుని వంతెనలా నిలిచిపోతాయి. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మట్టి కింద నేరుగా 20 ఎంఎం వేస్తే ఈ నిష్పత్తి దాటిపోతుంది. మట్టి గరాటులో పడినట్లు దిగిపోతుంది. మధ్యలో 6 ఎంఎం చిప్స్ వేస్తే మట్టికీ చిప్స్‌కూ, చిప్స్‌కూ 20 ఎంఎంకూ రెండు చోట్లా నిష్పత్తి కుదురుతుంది. గుడ్డ చేయలేని పనిని పది సెం.మీ. చిప్స్ పొర ఏళ్ల తరబడి చేస్తుంది.

గొట్టాలు

నేల బాగా తాగే చోట ఒకే ఒక గొట్టం కావాలి, అది గమనించేందుకు నిలబెట్టేది. 110 ఎంఎం పీవీసీ గొట్టాన్ని గుంత అడుగు నుంచి మట్టి పైకి ఒక జానెడు ఎత్తు దాకా నిలబెట్టి, కంకరలో ఉండే భాగానికి మాత్రమే 8 ఎంఎం చిల్లులు వేసి, పైన మూత బిగించాలి. కింద నీరు ఎంత ఉందో కర్ర దించి చూడటానికి ఇదొక్కటే సాధనం. దీని ఖర్చుకు వెనుకాడి తరువాత విచారించిన వారిని చూశాను.

నేల సరిగ్గా తాగని చోట దీనితో పాటు అడ్డంగా చిల్లుల గొట్టం వేయాలి. ముందుగా ఎనిమిది పది సెం.మీ. కంకర పరిచి, దాని మీద 110 ఎంఎం గొట్టాన్ని మీటరుకు ఒక సెం.మీ. వాలుతో పెట్టాలి. చిల్లులు రెండు వరుసలుగా, పది సెం.మీ. ఎడంతో, కిందివైపు ఏటవాలుగా ఉండాలి. చిల్లులు పైకి తిప్పి పెడితే పై నుంచి దిగే పొడి నేరుగా లోపలికి పోతుంది. వేసిన కంకర శుభ్రమైనదైతే గొట్టానికి గుడ్డ చుట్టవలసిన అవసరం లేదు. ఒక చివరను పైకి వంచి మట్టి పైదాకా తెచ్చి మూత పెడితే ఎప్పుడైనా నీరు కొట్టి శుభ్రం చేసుకోవచ్చు. రెండో చివర వాన నీటి కాలువకే చేరాలి. మురుగు లైనులో కలిపితే పెద్ద వానకు ఆ మురుగే వెనక్కి తన్ని మన కంకరలోకి వస్తుంది. బయటికి పోయే చివరను మోచేతి గొట్టంతో కంకర సగం ఎత్తు దాకా పైకి లేపితే, ఆ మట్టం కింది నీరు నేలలోకే ఇంకుతుంది, పైది మాత్రమే బయటికి పోతుంది. నెమ్మదిగానైనా తాగే నేలలో ఈ చిన్న మార్పు చేయదగినది. నల్లరేగడిలో మాత్రం వద్దు.

పరచడం

కంకరను 15 సెం.మీ. చొప్పున మూడు వరుసలుగా వేయాలి. తట్టలతో దించడమే మంచిది. ట్రాక్టరు తొట్టి ఎత్తి ఒకేసారి గుంతలోకి వంపితే గొట్టం పగులుతుంది, గుడ్డ చిరుగుతుంది, గుల్ల చేసిన అడుగు మళ్లీ అణిగిపోతుంది. మొదటి వరుసను ముఖ్యంగా ఒక అడుగు ఎత్తు నుంచి జార్చుతూ పోయాలి. ప్రతి వరుసనూ రేకుతో గానీ పార వీపుతో గానీ సమం చేసి, గొట్టం పక్కల సందుల్లోకి చేత్తో కంకర తోయాలి. వైబ్రేటరు, రోలరు వాడకూడదు. కోణాలున్న గ్రానైటు ముక్కలు తమ బరువుకు తామే సర్దుకుంటాయి.

గోడల మీద ముందుగానే 45 సెం.మీ., 55 సెం.మీ., 100 సెం.మీ. ఎత్తుల్లో గుడ్డ మీద సుద్దతో గీతలు పెట్టుకుంటే ఏ పొర ఎక్కడ ఆపాలో వాదన ఉండదు. 45 దగ్గర 20 ఎంఎం ఆపి, 55 దాకా కడిగిన చిప్స్ పరచాలి. చిప్స్‌ను కడగడం 20 ఎంఎంను కడగడం కంటే ముఖ్యం, ఎందుకంటే రాతి పొడి ఎక్కువగా ఉండేది వాటిలోనే. అడుగు పొరను శ్రద్ధగా కడిగించి, ఇక్కడికి వచ్చేసరికి ఓపిక నశించి చిప్స్‌ను సంచుల నుంచి నేరుగా కుమ్మరించడం తరచుగా జరిగే తప్పు. చిప్స్ పొర ఎక్కడా ఎనిమిది సెం.మీ. కంటే పలచబడకుండా ఒక పుల్ల గుచ్చి నాలుగైదు చోట్ల కొలవాలి.

మట్టి వేయక ముందే నీటి పరీక్ష చేయాలి. 500 లీటర్ల నీటిని పైపుతో నెమ్మదిగా చిప్స్ మీద వదిలితే, మన కొలతల ప్రకారం కంకరలో సుమారు 20 సెం.మీ. మట్టం రావాలి, ఆరు చదరపు మీటర్ల అడుగున 40 శాతం ఖాళీ లెక్క అది. నీరు వదిలేటప్పుడే కొంత నేలలోకి ఇంకుతుంది కాబట్టి ఒకటి రెండు సెం.మీ. తక్కువ కనిపించినా పరవాలేదు. నిలువు గొట్టంలో కర్ర దించి ఆ మట్టాన్ని, గంట గంటకూ అది దిగుతున్న తీరును రాసుకోవాలి. మట్టం 25 సెం.మీ. దాటితే ఖాళీ అనుకున్నదాని కంటే తక్కువగా ఉందని అర్థం. గంటకు 12 మి.మీ. చొప్పున ఇంకవలసిన నీరు, ఖాళీ 40 శాతమే గనుక, కంకరలో గంటకు మూడు సెం.మీ. దిగాలని గుర్తుంచుకోవాలి. అంతకంటే బాగా నెమ్మదిగా దిగితే చిల్లుల గొట్టం గురించి ఆలోచించేందుకు ఇదే ఆఖరి అవకాశం.

పైన మట్టి, నీటి రాక

మట్టి మిశ్రమంలో మూడు వంతులకు రెండు వంతుల దాకా ముతక ఇసుక, మిగిలినదానిలో ఎర్రమట్టి, బాగా మాగిన కంపోస్టు ఉండాలి. రోబో శాండ్ (రాతిని పొడి చేసి తీసే ఇసుక) వాడదలచుకుంటే కడిగిన రకమే తీసుకోవాలి. ఐఎస్ 383 అటువంటి రాతి ఇసుకలో సన్నపొడిని పదిహేను శాతం దాకా అనుమతిస్తుంది, అది కాంక్రీటుకు సమ్మతమే గానీ మనకు కాదు. మొదటి పది సెం.మీ. మట్టిని తడిపి, చిప్స్ కదలకుండా చేత్తో పరచాలి. వట్టివేరు, మెట్టతామర, నిమ్మగడ్డి వంటివి రెండు రోజుల తడినీ, రెండు నెలల ఎండనూ ఓర్చుకుంటాయి.

డాబా గొట్టం నేరుగా తోటలోకి దూకకూడదు. మధ్యలో ఒకటిన్నర అడుగుల చదరపు సిల్ట్ చాంబర్ కట్టి, ఆకులు, డాబా మట్టి అక్కడ ఆగేటట్లు చేసి, నీరు పడే చోట నాలుగు పెద్ద రాళ్లు పేర్చాలి. మిగులు నీటి గొట్టం నోరు మట్టికి 15 సెం.మీ. పైన, జాలీతో ఉండాలి. ఇంటి నిర్మాణం ఇంకా నడుస్తూ ఉంటే, చుట్టూ ఇసుక కుప్పలు, వదులు మట్టి ఉంటే, డాబా గొట్టాన్ని అప్పటి వరకు వాన తోటకు కలపకుండా బయటికే వదలాలి. నిర్మాణపు బురద ఒక్క వానలో చేసే నష్టం ఇంటి వాడకంలో పదేళ్లకు గానీ జరగదు.

తొలి పెద్ద వాన పడిన మర్నాడు, ఆ పై మర్నాడు, నిలువు గొట్టం మూత తీసి కర్ర దించి చూడాలి. రెండో రోజు సాయంత్రానికి కర్ర కొన పొడిగా రావాలి. మట్టి పైన నీరు నిలిచి గొట్టంలో ఏమీ లేకపోతే లోపం పైమట్టిలో ఉన్నట్లు. పైన ఐదు సెం.మీ. గీకి తీసి మార్చితే చాలు. గొట్టంలో నీరు దిగకుండా ఉంటే లోపం అడుగున ఉన్నట్లు. ఈ మట్టాలను తేదీతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకుని, ఏటా జూన్‌లో వచ్చే మొదటి పెద్ద వాన అంకెతో పోల్చుకోవాలి.